రుద్రమ కథ వినిపించిన రేవు

1298లో ఇటలీలోని జెనోవా నగరంలో ఇద్దరు ఖైదీలు ఒకే చెరలో కలిశారు. ఒకడిది పీసా. పేరు రుస్తికెల్లో, వీరగాథలు రాయడం అతని వృత్తి. రెండోవాడు వెనిస్ వర్తకుడు, జెనోవాతో వెనిస్‌కు జరిగిన నౌకాయుద్ధాల్లో పట్టుబడినవాడు. అప్పటికే చైనా దాకా వెళ్లి, మన సముద్రాల మీదుగా తిరిగొచ్చాడు. అతనే మార్కో పోలో. అతను చెబుతూ పోయాడు, పీసావాడు రాస్తూ పోయాడు. ప్రపంచాన్ని ఊరించిన ఆ యాత్రాగ్రంథం అలా పుట్టింది.

ఆ పుటల్లో ముత్ఫిలి అనే రాజ్యం ఒకటుంది. అది మన మోటుపల్లి, ఇవాళ బాపట్ల జిల్లాలో ఉన్న చిన్న తీరగ్రామం. అక్కడ ఒక రాణి ఏలుతోందని, ఎంతో వివేకం గలదని, న్యాయం తప్పదని, జనం ఆమెను ప్రాణంగా చూసుకుంటారని మార్కో పోలో చెప్పాడు. అక్కడి వజ్రాల గురించి, సాలెగూడంత పలచగా నేసే బట్టల గురించీ చెప్పాడు. ఆ రాణి కాకతీయ రుద్రమదేవి. ఆమెను చనిపోయిన రాజు భార్య అనుకున్నాడు గానీ, నిజానికి ఆమె గణపతిదేవుడి కూతురు. నల్గొండ జిల్లా చందుపట్ల శాసనాన్ని బట్టి రుద్రమ 1289లో కన్నుమూసింది. అంటే జెనోవా చెరలో ఆమె కథ రాతకెక్కేనాటికి ఆమె లేక తొమ్మిదేళ్లు. మార్కో పోలో స్వయంగా మోటుపల్లిలో కాలు పెట్టాడా, తోటి నావికుల నోట విన్నది చెప్పాడా అన్న విషయంలో చరిత్రకారులకు భిన్నాభిప్రాయాలున్నాయి. ఏదైతేనేం, మన రాణిని యూరప్‌కు పరిచయం చేసిన మాటలు జెనోవా రేవులోనే కాగితం మీదికి వచ్చాయి.

ఇటలీ వెళ్లే తెలుగువాళ్లలో ఎక్కువమంది రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్, పీసా చూసుకుని వచ్చేస్తారు. పీసా నుంచి జెనోవాకు రైల్లో రెండు గంటల ప్రయాణం. ఆ రెండు గంటలు వెచ్చించని వాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఎందుకంటే అక్కడ ఉన్నది యాత్రికుల కోసం తుడిచి అలంకరించిన ఊరు కాదు. వెయ్యేళ్లుగా సరుకు దింపుతూ, ఎగుమతి చేస్తూ, అప్పులిస్తూ, మనుషుల్ని ఓడలెక్కిస్తూ ఇప్పటికీ పనిలోనే ఉన్న రేవు.

అప్పులిచ్చిన భవనం

మార్కో పోలోను బంధించింది పలాజ్జో సాన్ జోర్జోలో అని సంప్రదాయంగా చెబుతారు. పాత రేవులో, సముద్రం వైపు ముఖం పెట్టి, ఒళ్లంతా కుడ్యచిత్రాలతో నిలబడిన భవనం అది. గోడ మీద గుర్రమెక్కిన సెయింట్ జార్జి డ్రాగన్‌ను పొడుస్తుంటాడు. ఈ బొమ్మల్ని మొదట 17వ శతాబ్దం తొలి ఏళ్లలో లాజ్జారో తవరోనే వేశాడు. వెనకనున్న పాత భాగాన్ని 1260లో గుల్యెల్మో బొక్కనేగ్రా కట్టించాడు. కాన్‌స్టాంటినోపుల్‌లో వెనిస్ వాళ్ల భవనాన్ని కూలగొట్టి, ఆ రాళ్లను ఓడల్లో తెచ్చి ఇందులో కలిపారు. శత్రువు ఇంటి రాళ్లతో లేపిన గోడల మధ్య ఆ శత్రువు ఊరివాడే ఖైదీ అయ్యాడన్నమాట.

1407లో పుట్టిన బ్యాంకో ది సాన్ జోర్జోకు ఈ భవనమే ఇల్లయింది. యూరప్‌లోని తొలి తరం బ్యాంకుల్లో అది ఒకటి. ప్రభుత్వానికి అప్పిచ్చినవాళ్లంతా ఒక సంస్థగా ఏర్పడి, తమ బాకీ కింద పన్నుల వసూలును చేతిలోకి తీసుకున్నారు. కొన్నాళ్లు కోర్సికా ద్వీపాన్ని కూడా ఈ బ్యాంకే పాలించింది. 1502లో నాలుగో సముద్రయాత్రకు బయల్దేరే ముందు క్రిస్టఫర్ కొలంబస్ ఈ బ్యాంకుకు ఉత్తరం రాశాడు. 1805లో నెపోలియన్ పాలనలో బ్యాంకు మూతపడింది. ఇప్పుడిది ఓడరేవు అధికారుల కార్యాలయం.

ఇక్కడ నిలబడితే నాకు మోటుపల్లి అభయశాసనం తలపుకొస్తుంది. 1244లో గణపతిదేవుడు వేయించిన ఆ రాతిశాసనం సముద్ర వర్తకులకు ఇచ్చిన మాట. గాలివానకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే పూర్వపు రాజులు దాన్ని లాక్కునేవారు. తాము అలా చేయబోమని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటామని ఆయన రాయించాడు. ఆ శాసనం చెక్కిన పదహారేళ్లకు జెనోవాలో ఈ భవనం లేచింది. నమ్మకం లేనిదే రేవు నిలబడదని రెండు తీరాలవాళ్లకూ తెలుసు.

భవనం ముందు నుంచి, కిటికీల ఎత్తులో, 1960లలో కట్టిన ఎత్తైన రోడ్డు ఒకటి పోతుంది. కార్లు దూసుకుపోతుంటాయి. ఫొటోలో అది పడకుండా చూసుకోవాలని అందరూ తంటాలు పడతారు. పడనివ్వండి. ఈ ఊరి ముఖం అదే.

ఎండ తగలని సందులు

సాన్ జోర్జో దాటగానే సొత్తోరిపా వస్తుంది. 12వ శతాబ్దంలో మొదలైన కమానుల వరండా అది. ఒకప్పుడు సముద్రం ఈ కమానుల దాకా ఉండేది. ఓడ దిగిన సరుకు నేరుగా ఇక్కడి దుకాణాల్లోకి వచ్చేది. ఇప్పుడు ఆ కమానుల కింద చేపలు వేయించే చిన్న చిన్న కొట్లున్నాయి. కాగితంలో చుట్టి ఇస్తారు, వేడి వేడిగా నిలబడే తినేయాలి.

అక్కడి నుంచి ఏ పక్కకు తిరిగినా ‘కరుజ్జి’ మొదలవుతాయి. జెనోవావాళ్లు తమ సన్నని సందులను పిలుచుకునే పేరది. రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగిలే సందులున్నాయి. రెండు వైపులా ఆరేడు అంతస్తుల ఇళ్లు. తలెత్తితే ఆకాశం నీలం పట్టీలా కనిపిస్తుంది. మధ్యాహ్నం కూడా నేల మీద ఎండ పడదు. కొండకూ సముద్రానికీ మధ్య చోటు లేక ఊరు పైకి పెరిగింది. యూరప్‌లోని అతి పెద్ద పాత పట్టణాల్లో ఇదొకటి. అందులో ఇప్పటికీ జనం కాపురముంటున్నారు.

సందు మలుపుల్లో, తలెత్తి చూస్తే, గోడ గూళ్లలో మేరీమాత విగ్రహాలు కనిపిస్తాయి. వీధిదీపాలు లేని రోజుల్లో వాటి ముందు వెలిగించే దీపాలే దారి చూపేవి. ఇంకొక సంగతి గమనించండి. ఇళ్లకు నల్ల అంకెలు, దుకాణాలకు ఎర్ర అంకెలు. రెండిటి వరుసా వేరు. చిరునామా పట్టుకుని వెతికేటప్పుడు ఇది తెలియకపోతే తిరిగిన చోటే తిరగాలి.

వియా దెల్ కంపో అనే వీధికి తప్పకుండా వెళ్లండి. జెనోవాలో పుట్టిన గాయకుడు ఫబ్రిత్సియో దె ఆంద్రే (1940-1999) ఆ వీధి పేరుతోనే ఒక పాట కట్టాడు. ధనికుల ఇంట పుట్టి, ఈ సందుల్లోని వేశ్యలను, తాగుబోతులను, దొంగలను, దిక్కులేనివాళ్లను పాటల్లో నిలబెట్టాడు. వాళ్ల మీద జాలి పడలేదు, వాళ్లను గౌరవించాడు. ఆయన జ్ఞాపకార్థం అదే వీధిలో ఒక చిన్న సంగీత దుకాణాన్ని ప్రదర్శనశాలగా మార్చారు. వీధి ఇప్పటికీ పేదవాళ్లదే. సెనెగల్, మొరాకో, ఈక్వడార్, బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాళ్ల కొట్లు, ఫోన్ దుకాణాలు, మసాలా వాసనలు. రాత్రి పొద్దుపోయాక మాత్రం వెలుతురున్న పెద్ద సందుల్లోనే నడవడం మంచిది.

పేలని గుండు

సందుల్లోంచి ఉన్నట్టుండి వెలుతురులోకి తెచ్చి పడేసేది సాన్ లొరెంజో కథీడ్రల్. నలుపు తెలుపు పట్టెల రాతిగోడలు, మెట్ల పక్కన దిగులుగా కూర్చున్న రాతి సింహాలు. 1118లో పోప్ రెండో జెలాసియస్ దీన్ని ప్రతిష్ఠించాడు. లోపల కుడివైపున మనిషి నడుము ఎత్తున ఒక ఫిరంగి గుండు నిలబెట్టి ఉంటుంది. 1941 ఫిబ్రవరి 9న బ్రిటిష్ నౌకాదళం జెనోవా మీద గుండ్ల వర్షం కురిపించింది. 381 మిల్లీమీటర్ల గుండు ఒకటి కథీడ్రల్ గోడను చీల్చుకుని లోపలికొచ్చింది. పేలలేదు. ఆ రోజు ఊళ్లో ఎందరో చనిపోయారు, ఈ గోడలు మాత్రం మిగిలాయి. అలాంటి గుండునే ఇక్కడ ఉంచి దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నారు.

కింద నేలమాళిగలో ఖజానా మ్యూజియం ఉంది. అందులో ఆకుపచ్చని గాజు పళ్లెం ఒకటి ఉంది. 1101లో సిజేరియా నుంచి క్రూసేడ్ యోధులు తెచ్చారు. క్రీస్తు కడపటి విందులో వాడిన పాత్ర ఇదేనని, నిండు మరకతమని శతాబ్దాల పాటు నమ్మారు. నెపోలియన్ మనుషులు పారిస్‌కు ఎత్తుకుపోయారు. తిరిగొచ్చేసరికి ముక్కలై ఉంది, అది గాజని తేలింది. ముక్కలను అతికించి, అదే భక్తితో దాచుకున్నారు.

చీటీ తీసి అతిథిని పంపేవారు

జెనోవా ప్రభుత్వానికి రాజభవనం లేదు. అది గణతంత్రం. రాజులు, కార్డినల్స్, రాయబారులు వస్తే ఎక్కడ దించాలి? 1576లో సెనేట్ ఒక పద్ధతి పెట్టింది. ఊళ్లోని గొప్ప ఇళ్లన్నిటినీ స్థాయిని బట్టి జాబితాలుగా రాశారు. వాటినే ‘రొల్లి’ అన్నారు. అతిథి హోదా ఏమిటో చూసి, ఆ తరగతి ఇళ్ల పేర్లతో చీటీ తీసేవారు. ఎవరి పేరు వస్తే వాళ్లు సొంత ఖర్చుతో అతిథికి మర్యాద చేయాలి. భారమే అయినా, జాబితాలో పేరు లేకపోవడం అంతకంటే పెద్ద అవమానం. ఇళ్లు పోటీపడి పెరిగాయి. ఆ ఇళ్లలో 42 భవనాలను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

వాటిలో మకుటాయమానమైనవి వియా గరిబాల్డి మీద ఉన్నాయి. పాత పేరు స్త్రాదా నువోవా, కొత్త వీధి. 1550ల నుంచి కట్టుకుంటూ వచ్చిన ఈ వీధి పొడవు పావు కిలోమీటరే. చిత్రకారుడు రూబెన్స్ ఇక్కడి భవనాల నక్షాలు సేకరించి 1622లో పుస్తకంగా అచ్చు వేయించాడు, మిగతా యూరప్ ఇలా కట్టుకోవాలని. పలాజ్జో రోస్సో, పలాజ్జో బియాంకో, పలాజ్జో దోరియా-తుర్సీ మూడూ ఇప్పుడు మ్యూజియాలు. తుర్సీలోనే నగరపాలక సంస్థ కార్యాలయం కూడా ఉంది. అక్కడ ఒక అద్దాల బీరువాలో వయొలిన్ ఒకటి ఉంది. 1743లో గ్వార్నేరి దెల్ జేసు చేసింది. దానికి ‘కానోనె’ అని పేరు, ఫిరంగి అని అర్థం. 1782లో ఈ ఊళ్లో పుట్టిన నికొలో పగనీని దాన్ని వాయించి యూరప్‌ను ఊపేశాడు, చనిపోతూ సొంత ఊరికి రాసిచ్చాడు. ఆయన పేరిట జరిగే పోటీలో గెలిచినవాళ్లకు దాన్ని వాయించే భాగ్యం దక్కుతుంది. వాయిద్యం మూగబోకూడదన్న ఆ ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది.

ఏటా వసంతంలో, శరత్తులో ‘రొల్లి డేస్’ అని కొన్ని రోజులు జరుపుతారు. మామూలుగా తాళం వేసి ఉండే భవనాలు కూడా ఆ రోజుల్లో తెరుస్తారు. మీ ప్రయాణం తేదీలు వాటితో కలిసేలా చూసుకుంటే ఖర్చుకు రెట్టింపు దక్కుతుంది.

లిఫ్టు ఎక్కితే సముద్రం

కొండల మీదికి పాకిన ఊరు కాబట్టి ఇక్కడ సిటీబస్సుల సంస్థే వీధి లిఫ్టులు, తాళ్ల రైళ్లు నడుపుతుంది. పోర్తెల్లో దగ్గర లిఫ్టెక్కితే కస్తెల్లెత్తో మిట్ట మీద తేలతారు. బూడిదరంగు పలకరాళ్ల కప్పులు, వాటి మధ్య గంటస్తంభాలు, ఆ వెనక క్రేన్లు, ఆ వెనక సముద్రం. ఊరు మొత్తం ఒక్కసారిగా అర్థమయ్యే చోటు అదే. మొదటి రోజు పొద్దున్నే అక్కడికి వెళ్లి, ఆ తర్వాత సందుల్లోకి దిగండి. మోంటెగల్లెత్తో దగ్గర ఇంకో లిఫ్టుంది. ముందు సొరంగంలో అడ్డంగా నడిచి, ఆ తర్వాత నిలువునా పైకి లేస్తుంది. పిల్లలతో వెళ్లేవాళ్లు దాన్ని వదలొద్దు.

పడమట దూరంగా కనిపించే స్తంభం లాంతెర్నా. 1543లో ఇప్పటి రూపం దిద్దుకున్న 77 మీటర్ల దీపస్తంభం. ఇంకా వెలుగుతూనే ఉంది.

మన నోటికి నప్పే తిండి

శాకాహారులు ఇటలీలో జున్ను, బ్రెడ్డుతో సరిపెట్టుకోవాల్సి వస్తుందని భయపడుతుంటారు. జెనోవాలో ఆ భయం అక్కర్లేదు. ఫరినాతా అని శనగపిండి రొట్టె ఉంది. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. పల్చగా కలిపి, నాననిచ్చి, పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. పైన బంగారు రంగు తిరిగి కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. మిరియాల పొడి చల్లుకుని తింటే మన నోరు వెంటనే ఒప్పుకుంటుంది.

పెస్తో పుట్టినిల్లు కూడా ఇదే. సీసాల్లో అమ్మే ఆకుపచ్చ ముద్దను చూసి అదే పెస్తో అనుకోవద్దు. ఊరికి పడమర ప్రా అనే చోట పెంచే లేత తులసిజాతి ఆకులు, పైన్ గింజలు, వెల్లుల్లి, కల్లుప్పు, రెండు రకాల జున్ను, ఆలివ్ నూనె. పాలరాతి రోట్లో కర్ర రోకలితో నూరితే, అది మన రోటి పచ్చడికి తోబుట్టువే. మిక్సీలో వేస్తే ఆకు వేడెక్కి నల్లబడుతుందని ఇక్కడి ఇల్లాళ్లు ఒప్పుకోరు. ట్రోఫియె అనే మెలితిప్పిన పాస్తాతో, బంగాళదుంప ముక్కలు, బీన్స్ కలిపి పెడతారు. అచ్చమైన పెస్తోలో వాడే జున్నుల తయారీకి దూడల, గొర్రెపిల్లల పొట్టల్లోంచి తీసిన రెన్నెట్ వాడతారు, పట్టింపు ఉన్నవాళ్లు ముందే అడిగి తెలుసుకోవాలి.

పొద్దున్నే ఫొకాచ్చా కొనుక్కుని, పాలకాఫీలో ముంచుకుని తినేవాళ్లు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఉప్పుగా, నూనెగా ఉండే ఆ రొట్టెను అలా తినడం ఇక్కడి అలవాటు. మీరూ ప్రయత్నించండి.

తిండిలోనే కాదు, బట్టలోనూ మనతో చుట్టరికం ఉంది. జెనోవా స్త్రీలు ఒకప్పుడు తల మీదుగా భుజాల దాకా కప్పుకున్న పెద్ద నూలు వస్త్రం ‘మెజ్జారో’ గురించి కూడా చెప్పాలి. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దంలో ఇక్కడే అద్దకం వేసేవారు. మధ్యలో కొమ్మలు చాచిన పెద్ద చెట్టు, పువ్వులు, పక్షులు. ఆ చెట్టు కోరమాండల్ తీరం నుంచి యూరప్‌కు వెళ్లిన పలంపోర్ అనే కలంకారీ దుప్పట్ల మీది చెట్టే. బందరు అద్దకం ఎరిగినవాళ్లు చూడగానే గుర్తుపడతారు.

గింజల దండలమ్మిన ముసలామె

స్తల్యేనో శ్మశానానికి రమ్మంటే ఎవరికైనా మనసు వెనక్కి లాగుతుంది. అయినా వెళ్లండి. 1851లో తెరిచిన ఈ శ్మశానం కొండవాలు నిండా పాలరాతి శిల్పాలతో ఉంటుంది. ఓడల యజమానులు, వ్యాపారులు తమ సమాధుల మీద గొప్ప శిల్పులతో విగ్రహాలు చెక్కించుకున్నారు. వాళ్ల నడుమ కతెరీనా కంపోదోనికో నిలబడి ఉంటుంది. జాతరల్లో గింజల దండలు, తియ్యని రొట్టెలు అమ్మి బతికిన మనిషి. చాలీచాలని సంపాదనలోంచి కూడబెట్టి, బతికుండగానే, 1881లో లొరెంజో ఒరెంగో అనే శిల్పి చేత తన విగ్రహం చేయించుకుంది. అంచు కుచ్చుల శాలువా, ముడతలు పడ్డ ముఖం, చేతుల్లో గింజల దండలు, రొట్టెలు. పక్కనున్న ధనికులందరికంటే ఆమె దగ్గరే జనం ఎక్కువ సేపు ఆగుతారు. ఒక స్త్రీ తన కష్టార్జితంతో కొనుక్కున్న గౌరవం అది. జెనోవాలో నన్ను అన్నిటికంటే కదిలించిన విగ్రహం ఇదే.

ఇటలీ ఏకీకరణకు ఊపిరిపోసిన జుజెప్పె మత్సీనీ సమాధి కూడా ఇక్కడే ఉంది. 1805లో ఈ ఊళ్లోనే పుట్టాడు. గాంధీజీ ‘హింద్ స్వరాజ్’లో ఇటలీని మన దేశంతో పోల్చి రాసిన అధ్యాయంలో ఆయన ప్రస్తావన ఉంది.

విరిగిన వంతెన

కొలంబస్ యాత్రకు 500 ఏళ్లు నిండిన 1992లో పాత రేవును మళ్లీ ఊరికి తెరిచారు. అంతకుముందు అది కంచెల వెనక ఉండేది. ఆ పని చేసిన ఆర్కిటెక్ట్ రెంజో పియానో, 1937లో ఇక్కడే పుట్టినవాడు. ఆయన కట్టిన అక్వేరియం చూడటానికే చాలామంది వస్తారు. పిల్లలుంటే వెళ్లండి. పెద్దవాళ్లకైతే నేను గలాతా సముద్ర మ్యూజియం చెబుతాను. చెక్క పడవ లోపలికి నడవవచ్చు. పక్కనే నీళ్లలో ఆగి ఉన్న నజారియో సౌరో జలాంతర్గామిలోకి దిగవచ్చు. ఈ రేవు నుంచి లక్షలాది మంది పేద ఇటాలియన్లు అమెరికా ఖండాలకు వలసపోయారు. వాళ్ల కథ కోసం, 12వ శతాబ్దంలో యాత్రికుల సత్రంగా కట్టిన కొమెందా ది ప్రేలో 2022లో జాతీయ వలసల మ్యూజియం తెరిచారు.

2018 ఆగస్టు 14న వాన కురుస్తుండగా ఈ ఊరి మొరాందీ వంతెన కూలిపోయింది. 43 మంది చనిపోయారు. రెంజో పియానో కొత్త వంతెనకు నమూనా గీసి ఊరికి ఉచితంగా ఇచ్చాడు. 1,067 మీటర్ల సాన్ జోర్జో వంతెన 2020 ఆగస్టులో మొదలైంది. దాని కింద, పోయినవాళ్ల పేరున 43 చెట్లు నాటారు. ఒక్కో చెట్టుదీ ఒక్కో జాతి.  వీలైతే అక్కడికి వెళ్లి, కాసేపు నిలబడి రండి.

ఎప్పుడు, ఎలా?

మిలాన్ నుంచి రైల్లో రెండు గంటల్లోపే చేరుకోవచ్చు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా, లేదంటే సెప్టెంబరులో వెళ్లండి. ఆగస్టులో ఉక్కపోత, సగం దుకాణాలు మూసి ఉంటాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో కుండపోత వానలుంటాయి. 2011లో, 2014లో వరదలు ఊరిని ముంచాయి. మ్యూజియాల్లో చాలావాటికి సోమవారం సెలవు. మెట్లు, రాళ్ల బాట ఎక్కువ కాబట్టి చక్రాల పెట్టెలకంటే వీపు సంచి మేలు, మంచి బూట్లు తప్పనిసరి. సాయంత్రం బొక్కదాస్సె అనే పాత జాలరి పేటలో గులకరాళ్ల తీరం మీద కూర్చోవచ్చు, నెర్వీలో సముద్రపుటొడ్డు బాట మీద నడవవచ్చు.

క్రూయిజ్ ఓడల్లో వచ్చేవాళ్లకు ఇక్కడ కొన్ని గంటలే దొరుకుతాయి. వాటిని పోర్తోఫీనో అనే విహార గ్రామానికి బస్సులో వెళ్లి రావడానికి ఖర్చుపెట్టేస్తుంటారు. మీరలా చేయకండి. ఇటలీ ప్రయాణం వేసుకునేటప్పుడు వేరే ఏ ఊరి నుంచైనా తగ్గించి, జెనోవాకు కనీసం రెండు రాత్రులు కేటాయించండి.